పేరు లేని చేతులు

ప్రతి సోమవారం పొద్దున్నే
ఎలెవుతేరియో నా బల్ల మీద ఒక కవరు పెడతాడు.
లోపల అగ్గిపెట్టెలో సగం ఉండే కార్డులు నాలుగు.
వారం రోజుల ఆకాశం అందులో ఉంటుంది
సెకనుకి సెకను విడదీసి.

పైలట్ పేరుండదు. నెల ఉంటుంది, తేదీ ఉండదు.
పేర్లున్న సొరుగు తాళంచెవి ఆయన మెడలో,
శిలువ పక్కన.
"నీకు కావలసింది చెయ్యి కాదు దెవొలిందా,
చెయ్యి చేసిన పని," అంటాడు.
ముప్పై ఏళ్లు విమానం నడిపిన మనిషి.
ఇప్పుడు మెట్లెక్కడానికి
మోకాలి అనుమతి అడుగుతాడు.

మా తాత తిమింగలాల కావలివాడు.
పీకో దీవిలో, కొండచరియ మీది తెల్లటి గూటిలో కూర్చుని
దుర్భిణిలోంచి పొద్దస్తమానం సముద్రాన్ని చూసేవాడు.
ఏమీ జరగని నీళ్లు.
ఎక్కడో పిడికెడు ఆవిరి లేస్తే
తారాజువ్వ వేసి ఊరందరినీ పడవల్లోకి దూకించేవాడు.
నాకూ అదే పని దొరికింది.
ఏమీ జరగని గీతలు.
ఎత్తు, వేగం, ముక్కు వాలు,
చక్రం నేలని తాకిన బరువు.
పద్నాలుగు వందల ల్యాండింగుల్లో
ఒక్కటీ వార్తల్లోకెక్కలేదు.
మాకు కావలసిందీ అదే.

ఫిబ్రవరిలో కనబడింది పిడికెడు ఆవిరి.
పీకోలో, పడమటి ముఖంగా దిగేటప్పుడు,
నేల ఇంకా రెండు వందల అడుగుల కింద ఉండగా
గీత ఒకసారి గుటక మింగింది.
తర్వాత మామూలే.
ఎవరో ఒకావిడ పక్కవాడి మోచెయ్యి పట్టుకుని
నవ్వి, వదిలేసి ఉంటుంది.

పై అంతస్తులో ఫెలిజ్‌బెర్తో గారు చక్రాల బరువు చూసి
"కుర్రాళ్ల చేతులు మొరటు. మళ్లీ శిక్షణకి పంపుదాం," అన్నాడు.
గాలేమో అన్నాను.
ఆడలేక మద్దెల ఓడన్నట్టే ఉంది, అన్నాడు.

పాత కార్డులు తవ్వాను. మూడు చలికాలాలు.
గీత మీద గీత పరిచాను,
రొట్టెల పిండి మీద పిండి పరిచినట్టు.
నలభై ఒక్క గుటకలు.
అన్నీ ఒకే చోట,
ద్రాక్షతోటల నల్లరాతి గోడలు మొదలయ్యే చోట.
అన్నీ దక్షిణపు గాలిలో,
కొండ మబ్బు టోపీ పెట్టుకునే గాలిలో.
ఎలెవుతేరియో సొరుగు తీశాడు, మూశాడు,
ఒక్క అంకె చెప్పాడు: పంతొమ్మిది మంది.

పంతొమ్మిది మంది ఒకే మెట్టు మీద తడబడితే
చూడాల్సింది కాళ్లని కాదు.
ఈసారి నిజంగానే మద్దెల ఓడు.

వాటిలో ఒక గీత నాకు తెలుసు.
నేలకి పదడుగుల పైన ముక్కు కాస్త ఎత్తి
ఏదో అడగబోతున్నట్టు ఆగుతుంది.
నిద్రపోయిన పాపని మంచం మీద దించేటప్పుడు
గాస్పర్ మోచేతులు అలాగే ఆగుతాయి.
నలభై ఒకటిలోకీ పెద్ద దెబ్బ ఆ గీతదే.
తాళంచెవి అడగలేదు.
ఆ రాత్రి సూపులోకి రొట్టె తుంచుకుంటూ
"ఇవాళేమైనా దొరికిందా?" అన్నాడు.
"గాలి," అన్నాను.

రెండు పంక్తుల సూచన వెళ్లింది అందరికీ:
దక్షిణపు గాలి ఇంత ఉంటే ఐదు నాట్లు ఎక్కువ పట్టుకోండి,
అంతకు మించితే తెర్సెయిరాకి మళ్లండి.
ఎవరి పేరూ లేదు. క్షమాపణా లేదు.
అవే గీతల్లో ఇంకోటి దొరికింది:
తొందరపడి ముందే కిందికి దిగి
సముద్రం మీద ఊరికే ఇంధనం తాగిస్తున్నారు.
మూడు నిమిషాలు పైనే ఉండి
జారుడుబల్ల మీద జారినట్టు వస్తే
ట్రిప్పుకి ముప్పై కిలోలు మిగులు.
దీనికి మాత్రం ఫెలిజ్‌బెర్తో గారు
అంతస్తంతటికీ కేకు తెప్పించాడు.

ఈ చలికాలం గీత అక్కడ గుటక మింగలేదు.
చూపించడానికి నా దగ్గరేమీ లేదు.
ఏం చూశావని అమ్మమ్మ అడిగితే
"నీళ్లు," అనేవాడు తాత,
టోపీ తీసి భోజనానికి కూర్చుంటూ.

"నిన్న పీకోలో వెన్నలా దించాను," అంటున్నాడు గాస్పర్.
అంటున్నాడు.
సోమవారం కవరొస్తుంది,
అందులో అతని పేరుండదు.